నల్ల పట్టీలు నల్లగా ఎందుకుండవు?

65 అంగుళాల టీవీ తెర వెడల్పు సుమారు 144 సెంటీమీటర్లు, ఎత్తు 81. సినిమాస్కోప్ బొమ్మ వెడల్పేమో ఎత్తుకు 2.39 రెట్లు. దాన్ని ఈ తెర మీద వేస్తే బొమ్మకు 60 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. పైన పది, కింద పది సెంటీమీటర్ల నల్ల పట్టీలు మిగులుతాయి. సినిమా గదిలో కర్టెన్లు మూసి, లైట్లన్నీ ఆర్పి, ఒక రాత్రి సీను పెట్టి ఆ పట్టీల వైపు చూడండి. చాలా టీవీల్లో అవి వానమబ్బు రంగులో, మూలల దగ్గర ఇంకాస్త పాలిపోయి మెరుస్తుంటాయి. షోరూంలో ఇది కనపడలేదే అనిపిస్తుంది. కనపడదు మరి. అంత వెలుతురులో మన కంటికి ముదురు బూడిద రంగు కూడా నలుపే.

అట్టపెట్టె మీద ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, 4కే, హెచ్‌డీఆర్ అని పేర్లు చాలానే ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ పట్టీ ఎంత నల్లగా ఉంటుందో చెప్పదు. చీకటి గదిలో సినిమా చూసేవాళ్ళకు అన్నిటికన్నా ముఖ్యమైన గుణం అదే. అది పెట్టె మీదికి ఎందుకు ఎక్కలేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

పాత పిక్చర్ ట్యూబు టీవీల కాలంలో ఈ చర్చే లేదు. 1975-76లో సైట్ ఉపగ్రహ ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు హైదరాబాద్ ఈసీఐఎల్ టీవీలు వెళ్ళాయి. 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. వాటన్నిటిదీ ఒకటే సూత్రం: ఎలక్ట్రాన్ల ధార తగిలిన చోట ఫాస్ఫర్ పూత వెలుగుతుంది, తగలని చోట వెలగదు. నలుపంటే అక్కడ వెలుగు పుట్టకపోవడమే.

ఎల్‌సీడీతో ఈ లెక్క తలకిందులైంది. 1968లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ ప్రయోగశాలకు చెందిన జార్జ్ హైల్‌మయర్ బృందం దీన్ని లోకానికి చూపించింది. 1988 నాటికి షార్ప్ కంపెనీ 14 అంగుళాల రంగుల తెర చేసి చూపింది. ఇందులో తెర తనంతట తాను వెలగదు. వెనక దీపం వెలుగుతూ ఉంటే, ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఆ వెలుగును ఒకచోట వదులుతుంది, ఒకచోట ఆపుతుంది. తలుపు ఎంత గట్టిగా వేసినా సందుల్లోంచి వరండా లైటు గదిలో పడుతుంది కదా, ఇదీ అంతే. మూసిన చోట కూడా కొంత వెలుగు కారుతుంది.

ఆ కారడం ఎంతన్నది ప్యానెల్ (తెర పలక) రకాన్ని బట్టి ఉంటుంది. ఐపీఎస్, వీఏ అని ముఖ్యంగా రెండు రకాలు. ఐపీఎస్ ప్యానెల్లో తెలుపుకూ నలుపుకూ నిష్పత్తి దాదాపు 1000:1. వీఏ ప్యానెల్లో 3000:1 నుంచి 5000:1 దాకా వస్తుంది. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. 300 నిట్ల తెలుపు ఇచ్చే ఐపీఎస్ టీవీలో నలుపు 0.3 నిట్లు, 5000:1 వీఏలో 0.06. వెలుతురున్న హాల్లో ఈ తేడా తెలియదు, చీకటిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే మాత్రం వీఏ రంగులు పాలిపోతాయి, ఐపీఎస్ నిలుస్తుంది. సోఫా తెరకు ఎదురుగా ఉండే సినిమా గదికి వీఏ నప్పుతుంది. మూడు వైపులా కుర్చీలు, మధ్యలో మంచం ఉండే హాలుకు ఐపీఎస్ నయం. ఒకే మోడల్ పేరుతో 43 అంగుళాలకు ఒక రకం, 55కు ఇంకో రకం ప్యానెల్ రావడం మామూలే కాబట్టి, మీరు కొనే సైజుకే అడిగి తెలుసుకోవాలి.

నలుపును కాపాడుతూ వచ్చిన ఫ్లాట్ తెర ఒకటి ఉండేది. ప్లాస్మాను 1964లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ కనిపెట్టింది టీవీ కోసం కాదు, ప్లేటో అనే బోధనా కంప్యూటర్ కోసం. అది ఇళ్ళకు 42 అంగుళాల టీవీగా చేరడానికి మూడు దశాబ్దాలు పట్టింది. వాయువు నింపిన బుల్లి గదులతో, ప్రతి గదీ స్వయంగా వెలిగే తెర అది. అయితే గదులు వెంటనే స్పందించాలంటే వాటిని కొద్దిగా రాజేసి ఉంచాలి కాబట్టి నలుపులోనూ సన్నటి మెరుపు మిగిలేది. ఆ మెరుపును బాగా తగ్గించిన టీవీలను పయొనీర్ 2007లో కురో పేరుతో తెచ్చింది. జపనీస్‌లో కురో అంటే నలుపు. సినిమా ఇష్టపడేవాళ్ళు ఆ సెట్లను ఏళ్ళ తరబడి కొలమానంగా వాడారు.

అయినా ప్లాస్మా నిలవలేదు. షోరూం వెలుతురులో పక్కనున్న ఎల్‌సీడీ ముందు అది వెలవెలబోయేది, కరెంటు ఎక్కువ తాగేది, బరువెక్కువ. 4కే (83 లక్షల చుక్కల, అంటే పిక్సెళ్ళ, తెర) కోసం గదులను చిన్నవి చేసేకొద్దీ వెలుగు ఇంకా తగ్గేది. పయొనీర్ 2009లో టీవీల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పానసోనిక్ 2013 డిసెంబరులో ప్లాస్మా తయారీ ఆపేసింది, 2014లో శాంసంగ్, ఎల్‌జీ ఆపేశాయి. మంచి నలుపు ఇచ్చే తెర దుకాణం లైట్ల కింద ఓడిపోయిందన్నది ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి. తర్వాత వచ్చిన టీవీల్లో వెలుగు కోసం పోటీ ఎక్కువై నలుపు వెనకబడటానికి బీజం అక్కడే పడింది.

పేర్ల గందరగోళం కూడా ఆ రోజుల్లోదే. ఎల్‌సీడీ వెనక మొదట సన్నటి ట్యూబులైట్లు ఉండేవి. సోనీ 2004లో వాటి బదులు ఎల్ఈడీలు పెట్టిన టీవీ తెచ్చింది. 2009లో శాంసంగ్ అంచుల్లో ఎల్ఈడీలు అమర్చిన సెట్లను ‘ఎల్ఈడీ టీవీ’ అని ప్రచారం చేసింది. తెర అంతా ఎల్ఈడీలే అన్న అర్థం వచ్చేలా ప్రకటించరాదని బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ తేల్చింది కానీ, పేరు మాత్రం లోకమంతా పాతుకుపోయింది. ఎల్ఈడీ టీవీ అంటే దీపం మారిన ఎల్‌సీడీయే. 2017 నుంచి వినిపిస్తున్న క్యూఎల్ఈడీ కూడా ఎల్‌సీడీయే. వెనక నీలి ఎల్ఈడీలు, వాటి ముందు క్వాంటమ్ డాట్లనే అతిచిన్న స్ఫటిక కణాల పొర ఉంటాయి. ఆ కణాలు నీలి వెలుగును స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చలుగా మారుస్తాయి. వాటిని కనుగొన్నందుకు బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు 2023లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. రంగులు నిజంగానే చిక్కబడతాయి. నలుపుకు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

నలుపును తిరిగి తెచ్చింది ఓఎల్ఈడీ. 1987లో కొడాక్ శాస్త్రవేత్తలు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ సేంద్రియ పదార్థపు పలుచని పొరలతో తక్కువ వోల్టేజికే వెలిగే దీపం చేసి చూపారు. 2007లో సోనీ 11 అంగుళాల టీవీ, 2013లో ఎల్‌జీ 55 అంగుళాల టీవీ తెచ్చాయి. ఇందులో ప్రతి చుక్కా విడిగా వెలుగుతుంది, విడిగా ఆరుతుంది. నల్ల పట్టీ ఉన్న చోట తెర ఆరిపోయి ఉంటుంది, గది చీకటిలో కలిసిపోతుంది. 2022లో క్వాంటమ్ డాట్లు కలిపిన క్యూడీ-ఓఎల్ఈడీ వచ్చింది. రంగుల్లో ఇది పాతదానికన్నా మెరుగు. కాకపోతే గదిలో వెలుతురు పడితే దీని నలుపు కాస్త ఊదా ఛాయకు తిరుగుతుంది. కిటికీ మూయలేని గదిలో మామూలు ఓఎల్ఈడీయే మేలు.

ఓఎల్ఈడీకి రెండు జాగ్రత్తలు కావాలి. సేంద్రియ పదార్థం వాడేకొద్దీ అరుగుతుంది, ఎక్కువ వెలిగిన చుక్క ఎక్కువ అరుగుతుంది. మన తెలుగు వార్తా ఛానెళ్ళలో లోగో, కింద రెండు మూడు వరసల స్క్రోలింగు పట్టీలు రోజంతా ఒకేచోట ఉంటాయి. రోజూ గంటల తరబడి వార్తలు నడిచే ఇంట్లో నెలలు గడిచేసరికి ఆ ఆకారాలు తెర మీద నీడలా మిగిలిపోవచ్చు. అలాంటి ఇంట్లో వార్తలకు వేరే టీవీ ఉండటం మంచిది. రెండోది గోడ స్విచ్చి. ఈ టీవీలు మొత్తం నాలుగు గంటలు నడిచాక, రిమోట్‌తో ఆపినప్పుడు చుక్కల అరుగుదలను సరిచేసే పని కొన్ని నిమిషాల పాటు తమంతట తాము చేసుకుంటాయి. రిమోట్ నొక్కిన వెంటనే గోడ దగ్గర స్విచ్చి కూడా ఆపేసే అలవాటు మన ఇళ్ళలో ఎక్కువ. అలా చేస్తే ఆ పని ఎప్పటికీ జరగదు.

ఎల్‌సీడీ కూడా ఊరుకోలేదు. వెనక ఎల్ఈడీలను తెర అంతా పరిచి, జోన్లుగా విడగొట్టి, బొమ్మలో చీకటి ఉన్న చోట ఆ జోన్‌ను తగ్గించే లోకల్ డిమ్మింగ్ వచ్చింది. 2019లో టీసీఎల్ మినీ ఎల్ఈడీలతో జోన్ల సంఖ్యను బాగా పెంచింది. ఎన్ని జోన్లున్నా, తెర మీది 83 లక్షల చుక్కలతో పోలిస్తే తక్కువే. చీకటి ఆకాశంలో చందమామ ఉంటే దాని చుట్టూ పొగమంచులాంటి వలయం కనిపించేది అందుకే. ఓఎల్ఈడీకి డబ్బు చాలనప్పుడు, వందల జోన్లున్న వీఏ ప్యానెల్ మినీ ఎల్ఈడీ మంచి మధ్యేమార్గం. అంచు దీపాల టీవీల్లో లోకల్ డిమ్మింగ్ అని రాసి ఉన్నా అది పట్టీల లెక్కన పనిచేస్తుంది. సినిమా గదికి దాని కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

చౌక సెట్లలో వెనక దీపాలు బద్దల మీద వరసగా ఒకే తీగకు గుచ్చినట్టుంటాయి. ఒక్కటి తెగినా వరసంతా ఆరుతుంది. శబ్దం వస్తూ బొమ్మ పోయినప్పుడు తెరకు దగ్గరగా టార్చి వేసి చూడండి. లోపల బొమ్మ లీలగా కదులుతుంటే చెడింది బ్యాక్‌లైట్ వైపే, ప్యానెల్ కాదు. అది బాగుచేయించుకోదగ్గ ఖర్చు. ప్యానెల్ పగిలితే మాత్రం కొత్త టీవీ ధరకు దగ్గరగా అవుతుంది, వారంటీ సాధారణంగా దానికి వర్తించదు. కొత్త పెట్టెను పడుకోబెట్టకుండా నిలువుగానే మోయించాలి.

ఇక హెచ్‌డీఆర్ (వెలుగు, చీకట్ల తేడాను మామూలుకన్నా ఎక్కువగా చూపే బొమ్మ) ముద్ర సంగతి. ఒక టీవీకి ఆ ముద్ర ఉందంటే ఆ సిగ్నల్‌ను తీసుకోగలదని మాత్రమే అర్థం. చూపగలదా అన్నది వేరే విషయం. 2016లో టీవీ, సినిమా కంపెనీల కూటమి యూహెచ్‌డీ అలయన్స్ పెట్టిన ప్రమాణం దీన్ని నిజాయతీగా పట్టుకుంది. 1000 నిట్ల వెలుగు, 0.05 నిట్లు మించని నలుపు ఉండాలి. లేదా 540 నిట్ల వెలుగు, 0.0005 నిట్లు మించని నలుపు ఉండాలి. మొదటిది ఎల్‌సీడీని, రెండోది ఓఎల్ఈడీని దృష్టిలో పెట్టుకున్న కొలత. తక్కువ వెలుగున్న తెరకైనా మంచి నలుపుంటే సమాన హోదా ఇచ్చారన్నమాట. 250-300 నిట్ల చౌక టీవీలో హెచ్‌డీఆర్ పెడితే రాత్రి సీన్లు ఇంకా మసకబారుతాయి. అలాంటప్పుడు మామూలు బొమ్మే హాయిగా ఉంటుంది.

కొత్త టీవీలో సినిమా సీరియల్‌లా కనిపిస్తోందని చాలామంది చేసే ఫిర్యాదుకు వేరే మూలం ఉంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ వేసే) ప్యానెల్‌లో అవి సమానంగా పడవు. ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు చూపించాలి. కెమెరా మెల్లగా పక్కకు తిరిగినప్పుడు వచ్చే తడబాటు దానివల్లే. 120 హెర్ట్జ్‌లో ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదుసార్లు పడుతుంది. ఈ తడబాటును దాచడానికి టీవీలు మధ్యలో లేని ఫ్రేములను కల్పిస్తాయి, దాంతో సినిమా కాస్తా స్టూడియో వీడియోలా జారిపోతుంది. దర్శకులు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో 2019లో ఫిల్మ్‌మేకర్ మోడ్ వచ్చింది. అది ఈ కల్పనను, అదనపు షార్ప్‌నెస్‌ను ఆపేసి, తెలుపును సినిమా ప్రమాణానికి తెస్తుంది. మొదట పసుపుగా అనిపిస్తుంది. రెండు రోజులు చూస్తే కన్ను అలవాటు పడుతుంది. ‘మోషన్ రేట్ 240’ వంటి అంకెలను ప్యానెల్ వేగం అనుకోవద్దు. వివరాల పట్టికలో ‘4కే 120 హెర్ట్జ్’ అని హెచ్‌డీఎంఐ పోర్టు పక్కన ఉందా అని చూడండి.

సైజు దగ్గర మొహమాటపడేవాళ్ళే ఎక్కువ. తెర మూలనుంచి మూలకున్న కొలతకు 1.2 నుంచి 1.6 రెట్ల దూరంలో కూర్చుంటే సినిమా అనుభూతి వస్తుంది. 55 అంగుళాలకు ఐదున్నర నుంచి ఏడు అడుగుల పైచిలుకు, 65కు ఆరున్నర నుంచి దాదాపు తొమ్మిది, 75కు ఏడున్నర నుంచి పది అడుగులు. 55 అంగుళాల తెరను ఏడడుగులు దాటి చూస్తే మామూలు కంటికి ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ చుక్కల్లో తేడా తెలియదు. పన్ను కూడా చాలాకాలం చిన్న తెర వైపే మొగ్గింది. 2019 జనవరి నుంచి 32 అంగుళాల వరకు టీవీలకు 18 శాతం జీఎస్టీ, పెద్దవాటికి 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్దవాటికీ 18 శాతమే. కూర్చున్నప్పుడు కళ్ళ ఎత్తు నేల నుంచి సుమారు 107 సెంటీమీటర్లు. తెర మధ్యభాగం అక్కడికి రావాలంటే 65 అంగుళాల టీవీ అడుగు అంచు నేలకు 67 సెంటీమీటర్ల దగ్గరుండాలి. మన ఇళ్ళలో బిగించే ఎత్తుకన్నా ఇది చాలా కింద.

షోరూంకు పెన్‌డ్రైవ్‌లో రెండు ఫోటోలు తీసుకెళ్ళండి: నల్లటి తెర మీద ఒక చిన్న తెల్ల చతురస్రం, తెరంతా ఒకేలా ముదురు బూడిద రంగు. డెమో మోడ్ తీయించి, సినిమా మోడ్ పెట్టించి, తెల్ల చతురస్రం చుట్టూ చేతులతో దొన్నెలా నీడ చేసి, అక్కడి నలుపు ఎంత నల్లగా ఉందో చూడండి. బూడిద ఫోటోలో నిలువు చారలు, మురికి పట్టినట్టు మచ్చలు కనిపిస్తే క్రికెట్ మైదానం మీద బంతి వెంట కెమెరా కదిలినప్పుడల్లా అవి బయటపడతాయి. ఇంటికొచ్చిన పీసుతో మళ్ళీ ఇదే చేయాలి, షోరూంలోది వేరు, పెట్టెలోది వేరు. ఆ రాత్రి లైట్లార్పి సబ్‌టైటిల్స్ ఉన్న సినిమా ఒకటి పెట్టండి. అక్షరాలు వచ్చినప్పుడల్లా కింది నల్ల పట్టీ వెలిగి, పోగానే ఆరుతుంటే లోకల్ డిమ్మింగ్‌ను ఒక మెట్టు తగ్గించి చూడండి. అప్పటికీ కంటికి తగులుతుంటే తిరిగిచ్చే గడువు ఎన్ని రోజులో బిల్లులో చూసి, ఆ లోపే అమ్మినవాళ్ళకు చెప్పండి.