విశాఖ నుంచి స్వాత్ దాకా: ఆర్1ఏ వయసు మీద నడిచిన వాదం

వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగుతుంది. అందులో చాలా భాగం తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్‌తో కలగలవదు. కాబట్టి ఒక తరంలో డీఎన్‌ఏ అక్షరాల్లో (ఏ, సీ, జీ, టీ) వచ్చిన మార్పు ఆ మగ సంతానమంతటిలో నిలిచిపోతుంది. ఆర్1ఏ శాఖకు గుర్తు అలాంటిదే: ఎం17 అనే చోట వరుసగా నాలుగు 'జీ'లకు బదులు మూడే ఉంటాయి. తూర్పు ఐరోపాలోనూ ఉత్తర భారతంలోనూ ఈ శాఖ విస్తారం. ఆర్యులు బయటి నుంచి భారతదేశానికి వలస వచ్చారా అన్నదాని మీద వై క్రోమోజోమ్ వాదం ఎక్కువగా దీని చుట్టూనే నడిచింది.

2001లో విశాఖపట్నం జిల్లాలోని ఎనిమిది కులాల నుంచి సుమారు 265 మంది పురుషుల నమూనాలతో ఒక అధ్యయనం వచ్చింది. పై కులాల వై క్రోమోజోములు తూర్పు ఐరోపా వాళ్లవాటికి దగ్గరగా ఉన్నాయంది. 2003లో 41 మంది చెంచులను పరీక్షిస్తే సుమారు నాలుగో వంతు మందిలో ఎం17 కనిపించింది. వేటతో బతికిన చెంచుల్లోనూ ఉంటే ఇది బయటి నుంచి వచ్చిందని ఎలా అంటాం అన్న ప్రశ్న లేచింది. కానీ చిన్న సమాజంలో ఒకరిద్దరు పూర్వీకుల సంతతి పెరిగినా ఈ శాతం వచ్చేస్తుంది.

2006లో 728 మంది భారతీయులతో ఒకటి, 936 మందితో మరొకటి వచ్చాయి. మధ్య ఆసియా నుంచి మగవాళ్ల రాక స్వల్పమే అన్నాయి. చిక్కు ముఖ్యంగా కాలం లెక్కలో ఉంది. క్రోమోజోమ్ మీద కొన్నిచోట్ల ఒకే చిన్న ముక్క పదేపదే వస్తుంది. వాటిని మైక్రోశాటిలైట్లు అంటారు. శాఖలోని మనుషుల మధ్య ఆ ముక్కల సంఖ్యలో తేడా ఎంత పెరిగిందో చూసి వయసు కడతారు. ఆ తేడాకు కొలత అయిన వేరియన్స్ 0.4 వచ్చిందనుకోండి. 2004లో ప్రతిపాదించిన మార్పు రేటు 25 ఏళ్లకు 0.00069. దాంతో భాగించి 25తో హెచ్చవేస్తే దాదాపు 14,500 ఏళ్లు. తండ్రీకొడుకులను నేరుగా పోల్చి కొలిచిన రేటు తరానికి, అంటే 25 ఏళ్లకు, 0.002 చుట్టుపక్కల. దాంతో 5,000 ఏళ్లే. నమూనా అదే, శాఖ అదే. మొదటి లెక్కలో సింధు నాగరికతకు ఎంతో ముందు, రెండో లెక్కలో దాదాపు దాని కాలం! ఎక్కడ వైవిధ్యం ఎక్కువో అక్కడే పుట్టుక అనుకోవడం ఇంకో పొరపాటు. వేర్వేరు కాలాల్లో పలువురు వచ్చి చేరినా వైవిధ్యం పెరుగుతుంది.

క్రోమోజోమ్ పొడవునా అక్షరాలు చదవగలిగాక ఈ లెక్క అవసరం తగ్గింది. డీఎన్‌ఏను చిన్న ముక్కలుగా చదివే షార్ట్ రీడ్ పద్ధతిలో నమ్మకంగా చదవగలిగేది సుమారు కోటి అక్షరాలు. అందులో దాదాపు 130 ఏళ్లకు ఒక మార్పు వస్తుంది. ఎం17 కింద ఐరోపాలో జెడ్282, ఆసియాలో జెడ్93 అని రెండు కొమ్మలున్నట్టు తేలింది. పోలండ్ వాళ్లనూ పంజాబీలనూ ఒకే గంపలో వేసిన పాత లెక్కలు అక్కడ విడిపోయాయి. 2016లో 1,244 మంది క్రోమోజోములతో వచ్చిన పరిశోధన, దక్షిణాసియాలో జెడ్93 కొమ్మలు 4,000–4,500 ఏళ్ల కిందట ఒక్కసారిగా విస్తరించాయని చూపింది. ఆ నమూనాల్లో బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లవీ ఉన్నాయి.

అయినా ఇది ఒక్క పితృరేఖ. పది తరాలు వెనక్కి వెళ్తే 1,024 పూర్వీకుల స్థానాలుంటాయి. వాటిలో వై చెప్పేది ఒక్కదాని గురించే. 2019లో ఫలితాలు వచ్చిన రాఖీగఢీ (హర్యానాలోని సింధు నాగరికత నగరం) అస్థిపంజరం స్త్రీది కాబట్టి అందులో వై క్రోమోజోమే లేదు. అదే ఏడాది పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ పాత సమాధుల్లోని 44 మంది పురుషుల్లో ఇద్దరికే జెడ్93 దొరికింది. స్టెప్పీ (యురేషియా గడ్డి మైదానాల వాళ్ల) వారసత్వం మిగతా క్రోమోజోముల్లో మాత్రం స్పష్టంగా ఉంది. అంటే ఆ లోయకు అది ఎక్కువగా స్త్రీల ద్వారా చేరింది. ఉత్తరాదిలో నేడు కనిపించే జెడ్93 విస్తృతికి మరో దారి వెతకాల్సిందే.