ఫోలేట్ సీసా మీద ‘యాక్టివ్’ అన్న మాట

రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాని మీద ‘ఫోలిక్ ఆమ్లం, 400 మైక్రోగ్రాములు’ అని ఉంటుంది. రెండోదాని మీద ‘యాక్టివ్ ఫోలేట్’ అని పెద్దగా, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఎల్-5-మిథైల్ టెట్రాహైడ్రోఫోలేట్’ అని ఉంటుంది. చదవగానే మొదటి సీసాలోనిది బద్ధకపు సరుకేమో అనిపిస్తుంది. బిడ్డ కోసం ఎదురుచూస్తున్న దంపతులకు ఆ మాత్రం అనుమానం చాలు. నిజానికి ఆ ‘యాక్టివ్’లో అబద్ధమేమీ లేదు. చెప్పకుండా వదిలేసిందే ఎక్కువ.

ఫోలేట్ అంటే బీ9 విటమిను. ఒక్క పదార్థం కాదు, ఒక కుటుంబం. బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ 1930 ప్రాంతంలో బొంబాయిలో పనిచేస్తూ, గర్భిణులను పీడిస్తున్న ఒక రకం తీవ్ర రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతోందని గుర్తించారు. నయం చేస్తున్నదేమిటో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికా పరిశోధకులు టన్నుల కొద్దీ పాలకూర నుంచి చిటికెడు పదార్థం రాబట్టి, ఆకుకు లాటిన్‌లో ఉన్న ‘ఫోలియం’ అన్న మాటతో దానికి పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది లెడర్లీ సంస్థలో ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందం. తెలుగులో ఫోలిక్ ఆమ్లం గురించి రాస్తూ ఆయన్ను తలచుకోకుండా ముందుకు వెళ్లడం నా వల్ల కాదు. అదే అణువును కాస్త మార్చి, క్యాన్సర్ కణాలకు ఫోలేట్‌ను పనికిరాకుండా చేసే మందులను కూడా ఆ ప్రయోగశాలే అందించింది. ఫోలేట్ అందకపోతే డీఎన్‌ఏ తయారవదు, డీఎన్‌ఏ లేనిదే కణం రెండు కాలేదు. క్యాన్సర్ కణానికైనా, కడుపులో పిండానికైనా ఇదే లెక్క.

మాత్రలోని ఫోలిక్ ఆమ్లం ప్రకృతిలో దాదాపు దొరకని రూపం. నిల్వ ఉంచినా త్వరగా చెడదు కాబట్టి మాత్రలకు అనువైనది. శరీరంలోకి వెళ్లాక ఒక ఎంజైము దాన్ని రెండు అంచెల్లో టెట్రాహైడ్రోఫోలేట్‌గా మారుస్తుంది. తరువాత ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే మరో ఎంజైము దగ్గర తుదిమెరుగు దిద్దుకుని మిథైల్ ఫోలేట్ అవుతుంది. రక్తంలో ముఖ్యంగా తిరిగేది ఈ రూపమే. ‘యాక్టివ్’ మాత్ర ఈ చివరి రూపాన్నే నేరుగా ఇస్తుంది.

అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. మిథైల్ ఫోలేట్ ఉన్నది ఉన్నట్టుగా డీఎన్‌ఏ తయారీకి పనికిరాదు. ముందు తన మిథైల్ సమూహాన్ని వదిలించుకోవాలి. దాన్ని అందుకునేది బీ12 సాయంతో పనిచేసే ఎంజైము. బీ12 కొరవడితే మిథైల్ ఫోలేట్ వచ్చిన చోటే ఇరుక్కుపోతుంది. ఫోలిక్ ఆమ్లం మాత్రం ఆ గుమ్మం తొక్కకుండా పక్కదారిన డీఎన్‌ఏ తయారీకి చేరగలదు. అందులోనూ ఒక ప్రమాదం ఉంది: బీ12 లోపం ఉన్నవారు ఫోలిక్ ఆమ్లం ఎక్కువ మోతాదులో వాడితే రక్తహీనత సర్దుకుంటుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. పెద్దలు వైద్యుల సలహా లేకుండా రోజుకు 1000 మైక్రోగ్రాములు దాటకూడదని చెప్పడం వెనుక ఉన్న భయం ఇదే. ఇంతకీ ఏది చురుకైనది, ఏది కాదు అన్నది ఏ పని గురించి అడుగుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

‘యాక్టివ్’ రకానికి గిరాకీ తెచ్చింది, ఆ తుదిమెరుగు దిద్దే ఎంజైమును తయారుచేయించే ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువు. అందులో 677వ స్థానంలో ఒక డీఎన్‌ఏ అక్షరం మారిన ప్రతులు తల్లి నుంచీ తండ్రి నుంచీ సంక్రమిస్తే ఎంజైము పనితనం మూడో వంతుకు పడిపోతుంది. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఒకే మోతాదు ఫోలిక్ ఆమ్లం తీసుకున్నప్పుడు, ఈ మార్పు లేనివారితో పోలిస్తే వీరి రక్తంలో ఫోలేట్ తగ్గేది సుమారు 16 శాతమే. ఈ మార్పు ఉందేమోనని చూసే జన్యు పరీక్షను అందరికీ చేయించనక్కరలేదని అమెరికాలోని జన్యు వైద్య నిపుణుల సంఘం 2013లోనే చెప్పింది.

ఇక గర్భం సంగతి. ఫలదీకరణ జరిగిన మూడో వారంలో పిండం వీపు మీద ఒక చదునైన పట్టీ ఉంటుంది. దాని రెండు అంచులూ పైకి లేచి, ఒకదానివైపు ఒకటి వంగి, నడుమ కలుసుకుంటాయి. అక్కడి నుంచి జిప్పు వేసినట్టు పైకీ కిందికీ మూసుకుంటూ పోతాయి. ఈ గొట్టమే తరువాత మెదడు, వెన్నుపాము అవుతుంది. 28వ రోజుకల్లా పని పూర్తి కావాలి. కింది కొస తెరుచుకుని ఉండిపోతే వెన్నెముక చీలిక, పై కొస ఉండిపోతే మెదడే సరిగా ఏర్పడని స్థితి. 28వ రోజంటే నెలసరి తప్పి రెండు వారాలు. చాలామంది అప్పటికి పరీక్ష కూడా చేయించుకుని ఉండరు. గర్భం అని తెలిశాక మాత్ర మొదలుపెడితే ఈ పనికి ఆలస్యమైపోయినట్టే.

1991లో వెలువడిన బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనంలో, అంతకుముందు ఇటువంటి లోపంతో గర్భం దాల్చిన స్త్రీలకు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇచ్చారు. లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మరుసటి ఏడాది హంగరీ అధ్యయనంలో, 800 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కలిసిన విటమిన్లు తీసుకున్న వేలాది స్త్రీలలో ఒక్కరికీ ఈ లోపం ఎదురవలేదు. అవి తీసుకోని వర్గంలో ఆరుగురికి ఎదురైంది. మిథైల్ ఫోలేట్‌కు ఇటువంటి సాక్ష్యం లేదు. ఎర్ర రక్తకణాల్లో ఫోలేట్ నిల్వను అది ఫోలిక్ ఆమ్లంతో సమానంగా, కొన్నిసార్లు ఇంకా బాగా పెంచుతుందని తేలింది. ఆశ కలిగించే సంగతే, కానీ బిడ్డల్లో లోపాలు తగ్గాయని చూపడం వేరు. ఖాళీ మాత్రలతో పోల్చే అధ్యయనం ఇప్పుడు చేయడానికి నైతికంగా వీలూ లేదు. మా చెల్లెలు అడిగితే ఫోలిక్ ఆమ్లమే వేసుకోమంటాను: 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందు నుంచి పన్నెండో వారం దాకా. మునుపు ఇటువంటి గర్భం వచ్చినవారు, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వంటి మందులు వాడేవారు మాత్రం మోతాదు వైద్యులనే అడగాలి.

గర్భంతో సంబంధం లేని చోట కూడా ఫోలేట్‌కు పని ఉంది. చైనాలో 20 వేల మందికి పైగా రక్తపోటు రోగుల మీద జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, రక్తపోటు మందుకు ఫోలిక్ ఆమ్లం జోడిస్తే తొలి పక్షవాతం 21 శాతం తగ్గింది.

సీసా కొనేటప్పుడు చూడవలసినవి ‘యాక్టివ్’ కింద ఉన్న చిన్న అక్షరాలు. మిథైల్ ఫోలేట్ అణువుకు అద్దంలో ప్రతిబింబం లాంటి జంట ఒకటుంది. అది శరీరానికి పనికిరాదు. ‘ఎల్’ లేదా ‘6ఎస్’ అని ఉంటే పనికొచ్చే రూపం, ‘డీఎల్’ అని ఉంటే సగం వృథా. మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ వెయ్యి రెట్లు తేడా: 5 మిల్లీగ్రాముల మాత్ర, 400 మైక్రోగ్రాముల మాత్రకు పన్నెండున్నర రెట్లు. కొన్ని సీసాల మీద ‘667 మైక్రోగ్రాములు డీఎఫ్‌ఈ’ అని రాసి, పక్కన ‘ఫోలిక్ ఆమ్లం 400’ అని ఉంటుంది. మాత్ర రెట్టింపు చేయలేదు, ఆహారంలోని ఫోలేట్‌తో సరితూచి చెప్పే కొలత అది.