మతిమరుపుకూ డిమెన్షియాకూ నడుమ గీత ఎక్కడ?

వయసు మళ్లినవారి మతిమరుపులో ఏది సహజం, ఏది జబ్బు అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చే సమాధానం అరవై ఏళ్లుగా మారుతూనే ఉంది. లోపం వయసుకు మించి ఉన్నా డిమెన్షియా (రోజువారీ పనులు సాగనంతగా జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి దెబ్బతినడం) దాకా రాని, నేడు 'మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్' (ఎంసీఐ) అంటున్న స్థితికి నిర్వచనం అలా మారుతూ వచ్చి స్థిరపడిందే. ఎవరి జ్ఞాపకశక్తిని ఎవరితో పోల్చాలన్నదే ఈ కథ పొడవునా అసలు పేచీ.

1962లో మాంట్రియల్ మనోవైద్యుడు వి.ఎ. క్రాల్ వృద్ధుల మతిమరుపును రెండు రకాలుగా విడదీశారు. మొదటి దానిలో పెళ్లికి వెళ్లొచ్చిన సంగతి గుర్తుంటుంది గానీ అక్కడ కలిసినవారి పేరు ఆ క్షణాన తట్టదు. రెండోదానిలో పెళ్లికి వెళ్లిన సంగతే చెరిగిపోతుంది. మొదటిది నిరపాయకరమని, రెండోది కాదని ఆయన చెప్పారు. 1986లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ బృందం ఒకటి యాభై దాటినవారిని యువకుల సగటుతో పోల్చే ప్రమాణం తెచ్చింది. దాని ప్రకారం ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లోనూ చాలామందికి లోపం ఉన్నట్టే తేలుతుంది కనుక అది నిలవలేదు. 1994 నాటి మరో నిర్వచనం ఈడువారితోనే పోల్చాలంది.

స్థిరమైన రూపం 1999లో వచ్చింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రోనాల్డ్ పీటర్సన్ బృందం 76 మందిని పరిశీలించి, జ్ఞాపకశక్తి తగ్గిందన్న ఫిర్యాదు, పరీక్షలో వయసుకు మించిన లోపం, మిగతా ఆలోచనాశక్తి, రోజువారీ పనులు సవ్యంగా ఉండటం, డిమెన్షియా లేకపోవడం అనే ప్రమాణాలను ముందుకు తెచ్చింది. ఇలాంటివారిలో ఏటా సుమారు 12 శాతం మంది డిమెన్షియాలోకి జారుతుండగా, ఆరోగ్యవంతుల్లో అది 1–2 శాతమేనని తేలడంతో ఈ నిర్వచనానికి బలం చేకూరింది. 2003లో స్టాక్‌హోమ్‌లో సమావేశమైన నిపుణులు జ్ఞాపకశక్తి బాగున్నా భాష, ఏకాగ్రత వంటివి దెబ్బతిన్నవారిని కూడా ఇందులో చేర్చారు. 2011 అమెరికా మార్గదర్శకాలు డిమెన్షియాకు ప్రధాన కారణమైన అల్జీమర్స్ జబ్బు ఆనవాళ్లను మెదడు స్కాన్‌లో, వెన్నునీటిలో వెతకడానికి దారి తెరిచాయి. 2023లో అమెరికా పూర్తి ఆమోదం ఇచ్చిన లెకానెమాబ్ అనే మందు అల్జీమర్స్ తొలిదశకే ఉద్దేశించినది కాబట్టి ఈ నిర్ధారణకు చికిత్సాపరమైన విలువ కూడా వచ్చింది.

మన దగ్గర పేచీ మరో రూపంలో ఎదురవుతుంది. జ్ఞాపకశక్తిని, ఆలోచనాశక్తిని అంచనా వేయడానికి విరివిగా వాడే మోకా అనే పరీక్షలో ఘనాకృతిని చూసి గీయాలి, పదకొండు గంటల పది నిమిషాలు చూపే గడియారం వేయాలి. బడి ముఖం చూడని, పెన్సిల్ పట్టని వృద్ధురాలు ఇక్కడ తడబడితే అది మెదడు లోపమని ఎలా అంటాం? పన్నెండేళ్లకు మించి చదవనివారికి ఆ పరీక్ష కలిపే ఒక్క మార్కు ఈ తేడాను పూడ్చదు. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షల సముదాయం రూపొందించడానికి ఇదే కారణం.

మార్కులు తక్కువ వచ్చినంత మాత్రాన ఎంసీఐ అని ముద్ర వేయరాదు. బి12 లోపం, థైరాయిడ్, కుంగుబాటు, నిద్రమాత్రలు కూడా ఇలాంటి మందకొడితనాన్నే తెస్తాయి. ఎంసీఐ అని తేలినవారిలోనూ కొందరు తర్వాత మామూలు స్థితికి వస్తారు. అందుకే జాగ్రత్తపరులైన వైద్యులు రక్తపరీక్షలు చేయించి, మందుల చీటీ చూసి, లెక్కలు, వంట, మందులు వేసుకోవడం మునుపటిలా సాగుతున్నాయా అని ఇంట్లోవారిని విడిగా అడిగి, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ పరీక్షించి, ఆ మనిషిని ఆ మనిషితోనే పోల్చి చూస్తారు.