ఇంటి షెడ్డులో కట్టిన డ్రిఫ్ట్ కారు: అపోహలు, వాస్తవాలు

ట్రాక్ డే నాడు, అంటే ఎవరి కారు వారు రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజున, మధ్యాహ్నం దాటాక కార్లు నిలిపే చోటికి వెళ్లి చూడండి. చాలా కార్లు బానెట్లు ఎత్తుకుని నిలబడి ఉంటాయి. బలం చాలక ఆగిన కారు వాటిలో దాదాపు కనిపించదు. ఒకదానిలో నీరు మరిగిపోయి ఉంటుంది, ఇంకొకదానిలో స్టీరింగ్ ఆయిల్ పొంగి ఉంటుంది, మరొకదాని వెనుక చక్రం వదులై ఉంటుంది. నా కారును షెడ్డులో నేనే కట్టుకున్నాను, చెడిపోయిన ప్రతిసారీ నేనే విప్పాను. డ్రిఫ్ట్‌ను, అంటే వెనుక చక్రాలను కావాలనే జార్చి కారును మలుపులో అడ్డంగా నడిపే విద్యను, నేర్పేది ట్రాక్ మీద తిరిగిన చుట్లు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆగకుండా నడిచే కారే ఆ చుట్లను ఇస్తుంది. కింద రాసిన అపోహల్లో చాలావరకు ఆ చుట్లను దొంగిలించేవే.

అపోహ: నాలుగు వందల హార్స్‌పవర్ లేనిదే కారు డ్రిఫ్ట్ కాదు.

డ్రిఫ్ట్‌కు ప్రపంచమంతటా పేరు తెచ్చిన కార్లలో టొయోటా ఏఈ86 ఒకటి. 1983లో వచ్చిన ఆ కారులో 1.6 లీటర్ల 4ఏ-జీఈ ఇంజిన్ ఇచ్చేది సుమారు 130 హార్స్‌పవర్ మాత్రమే. కారు తేలిక, నడక వెనుక చక్రాలది. జపాన్‌కు చెందిన కెయిచి త్సుచియా ఆ కారును మలుపుల్లో జార్చిన తీరు చూసి ఒక తరం ఈ విద్య మీద మనసు పెట్టింది.

వెనుక చక్రాలు జారాలంటే ఇంజిన్ తోపు టైరు పట్టును మించాలి. తోపు పెంచడం ఒక దారి, పట్టు తగ్గించడం మరో దారి. 150 నుంచి 200 హార్స్‌పవర్ ఉన్న తేలికపాటి కారుకు వెనుక సన్నని, గట్టి రబ్బరు టైర్లు వేస్తే నేర్చుకోవడానికి కావలసినంత జారుడు దొరుకుతుంది. జారుడు మొదలుపెట్టడానికి బరువును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊపడం, హ్యాండ్‌బ్రేక్, క్లచ్ కిక్ (క్లచ్‌ను ఒక్కసారి తొక్కి వదిలి చక్రాలను కుదపడం) ఎలాగూ ఉన్నాయి. బలం పెంచారనుకోండి, దానికి తగ్గ వెడల్పు టైర్లు కావాలి. ఆ టైర్ల పట్టును క్లచ్ తట్టుకోవాలి, ఆ తర్వాత గేర్‌బాక్స్, ఆ తర్వాత డ్రైవ్ షాఫ్టులు. ఒకటి పెంచితే నాలుగు మార్చాలి. కొత్తగా మొదలుపెట్టేవారు ఇంజిన్ బలం జోలికి వెళ్లకుండా దాని గొట్టాలు, సీళ్లు, బెల్టులు కొత్తవి వేసుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: వెల్డింగ్ వేసిన డిఫరెన్షియల్ తాత్కాలిక ఉపాయం, నమ్మదగినది కాదు.

డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ తోపును రెండు వెనుక చక్రాలకూ పంచే పళ్లచక్రాల పెట్టె. మామూలు డిఫరెన్షియల్ మలుపులో బరువు తేలిన లోపలి చక్రాన్ని ఊరికే తిరగనిస్తుంది. ఆ ఒక్క టైరే పొగ కక్కుతుంది, కారు మాత్రం జారదు. లోపలి పళ్లచక్రాలను వెల్డింగ్‌తో కలిపేస్తే రెండు వెనుక చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. నేర్చుకునేవారికి ఇంతకంటే ఊహకు అందే ప్రవర్తన మరొకటి లేదు. రెండు చక్రాల వేగాల తేడాను ప్లేట్ల రాపిడితో అదుపు చేసే లిమిటెడ్ స్లిప్ రకం మంచిదే, కానీ ప్లేట్లు అరిగిన కొద్దీ దాని స్వభావం మారుతుంది, విప్పి సర్దుకోవలసి వస్తుంది.

వెల్డింగ్ విరిగిందంటే నేను ముందు శుభ్రతనే అనుమానిస్తాను. అది ఏళ్ల తరబడి ఆయిల్‌లో నానిన లోహం. పైపైన తుడిచి వెల్డింగ్ వేస్తే లోపలి నూనె ఉడికి బయటకు వచ్చి అతుకులో బుడగలు పెడుతుంది. అన్నీ విప్పి, ద్రావకంతో కడిగి, వేడి చేసి, మళ్లీ తుడిచి, అప్పుడు పళ్ల మధ్య సందులను నిండుగా నింపాలి. అక్కడక్కడా చుక్కలు పెట్టి వదిలేయకూడదు. నెమ్మదిగా చల్లారనివ్వాలి. చిట్లిన రవ్వలు ఒక్కటి మిగిలినా బేరింగులను తినేస్తాయి. మొదటి ట్రాక్ డే తర్వాత డిఫరెన్షియల్ ఆయిల్ దించి, అందులో లోహపు ముక్కలు ఉన్నాయేమో వెతకండి. మామూలు రోడ్డుకు మాత్రం ఈ కారు తగదు. నెమ్మదిగా మలుపు తిరిగినా టైరు గీసుకుంటుంది, షాఫ్టుల మీద మెలి పడుతుంది.

అపోహ: స్టీరింగ్ కోణం ఎంత ఎక్కువైతే అంత మంచిది.

వాస్తవం: కొంతవరకే. మామూలు కారులో ముందు చక్రం సుమారు 35 డిగ్రీల దాకా తిరుగుతుంది. మార్చిన నకుల్స్ (చక్రాన్ని మోస్తూ తిరిగే భాగాలు), ఆర్మ్‌లు వేస్తే 60 డిగ్రీలు కూడా వస్తాయి. కోణం పెరిగితే కారు ఎక్కువగా పక్కకు తిరిగినా వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది, అది నిజం. అయితే చివరి డిగ్రీల్లో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. చక్రాన్ని తిప్పే కడ్డీ అయిన టై రాడ్, అది తగిలే స్టీరింగ్ ఆర్మ్ ఒకే గీతలోకి వచ్చేస్తే చక్రం అవతలికి పడి అక్కడే బిగుసుకుపోతుంది. మీరు స్టీరింగ్ ఎంత తిప్పినా తిరిగి రాదు. అందుకే ఆ గీతకు ముందే ఆపే స్టాపర్లు తప్పనిసరి.

కొత్త భాగాలు బిగించాక నేలమీదకు దించే ముందు నేను చేసే పని ఇది. ముందు స్ప్రింగులు తీసేసి, కారును స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని జాకీతో కింది నుంచి పైదాకా కదిపిస్తాను. ఎడమ చివర ఒకసారి, కుడి చివర ఒకసారి, తిన్నగా ఒకసారి. టైరు ఎక్కడ ఒరుసుకుంటుంది, బ్రేక్ గొట్టం ఎక్కడ సాగుతుంది, ఎక్కడ మెలిపడుతుంది అని టార్చిలైటు వేసి చూస్తాను. కోణం పెంచి పాత బ్రేక్ గొట్టాన్నే ఉంచిన కారు నాకు అన్నిటికంటే భయం కలిగిస్తుంది. బిగుసుకున్న గొట్టం షెడ్డులో తెగదు, వేగంలో తెగుతుంది.

కోణం కంటే ముందు అలైన్‌మెంట్, అంటే చక్రాలు వాలి ఉండే తీరు, చూసుకోండి. జారుడులో చక్రాలను మలుపుకు ఎదురు వైపు తిప్పినప్పుడు క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) వల్ల, బాడీ ఒరగడం వల్ల బరువు మోసే ముందు చక్రం పైభాగం బయటికి వాలుతుంది. దానికి విరుగుడుగానే ముందు చక్రాలకు 3 నుంచి 5 డిగ్రీల నెగెటివ్ క్యాంబర్, అంటే పైభాగం లోపలికి వాలు, ఇస్తారు. చూడటానికి బాగుంటుందని కాదు. వెనుక టైరు మాత్రం పూర్తి వెడల్పుతో నేలను పట్టాలి కాబట్టి అక్కడ క్యాంబర్ సున్నాకు దగ్గరగా ఉండాలి. క్యాస్టర్ తగినంత ఉంటే చేతి పట్టు సడలించగానే స్టీరింగ్ తనంతట తానే ఎదురు వైపు తిరుగుతుంది. ఆ తిరుగుడును అరచేతుల్లో తెలుసుకోవడమే డ్రిఫ్ట్‌లో సగం చదువు.

అపోహ: థర్మోస్టాట్ తీసేసి పెద్ద రేడియేటర్ పెడితే ఇంజిన్ వేడెక్కదు.

ఈ విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ పాడైన ఇంజిన్లు చాలా చూశాను. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడిని బట్టి రేడియేటర్‌కు నీటి దారి తెరిచే కవాటం. దాని పని ఇంజిన్‌ను నడవవలసిన వేడికి త్వరగా చేర్చడం, అంతకంటే కిందకు పడిపోకుండా చూడటం. అది పూర్తిగా తెరుచుకున్నాక, వేడెక్కే ఇంజిన్‌కు దాన్ని తీసేసినందువల్ల దక్కేది చాలా స్వల్పం. దానికి తోడు మరో మాట వినిపిస్తుంటుంది: నీరు మరీ వేగంగా పారితే వేడిని అందుకోలేదని. అది తప్పు. అదే నీరు మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది కదా, పారుదల పెరిగితే వేడి మార్పిడి పెరుగుతుందే తప్ప తగ్గదు.

అసలు చిక్కు గాలితో. డ్రిఫ్ట్‌లో కారు ముక్కు చూసే దిక్కు వేరు, కారు పోయే దిక్కు వేరు. గాలి ఎదురుగా రాదు. వేగం తక్కువ, ఇంజిన్ తిరుగుడు మాత్రం ఎర్ర గీత దగ్గర. అలాంటప్పుడు ముందు నుంచి వచ్చిన కాస్త గాలి కూడా రేడియేటర్ పక్క సందుల్లోంచి తప్పించుకుంటే ఎంత పెద్ద రేడియేటర్ అయినా పనికిరాదు. బంపర్ నుంచి రేడియేటర్ దాకా నాలుగు వైపులా అల్యూమినియం రేకుతో మూసేయండి. వెనుక ఫ్యాన్‌కు పూర్తి వెడల్పు కవచం పెట్టండి. నా కారులో ఉష్ణోగ్రత ముల్లును కిందికి దించింది ఒక రేకు ముక్క, కొంత నురుగు పట్టీ. అంతకుముందు మార్చిన రేడియేటర్ కాదు.

రేడియేటర్ మూత సంగతి చాలామంది మరిచిపోతారు. మూత ఒక బార్ పీడనం పట్టి ఉంచితే నీరు 100 డిగ్రీల దగ్గర కాక సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రబ్బరు ఎండిపోయిన మూత ఆ 20 డిగ్రీల రక్షణను మీకు తెలియకుండానే తీసేస్తుంది. కొన్ని ట్రాక్‌లు గ్లైకాల్ కూలెంట్‌ను అనుమతించవు. అది నేలమీద ఒలికితే తర్వాత వచ్చే కార్లకు జారుడు. అక్కడ నీటిలో తుప్పు పట్టనివ్వని మందు మాత్రమే కలుపుకోవాలి.

అపోహ: పవర్ స్టీరింగ్ సుఖం కోసమే, దానికి ఏమీ చేయక్కర్లేదు.

చక్రాలు ఒక చివర నుంచి ఇంకో చివరకు క్షణంలో తిరుగుతూ ఉంటే ఆ పంపు ఎంత కష్టపడుతుందో ఊహించండి. ఒకసారి నా కారులో స్టీరింగ్ ఆయిల్ మరిగి డబ్బా మూత నుంచి పొంగి వేడి ఎగ్జాస్ట్ మీద పడింది. కళ్ల ముందు తెల్లటి పొగ లేచింది. మంట అంటుకోకపోవడం అదృష్టం. ఆ వారమే ఆయిల్‌ను చల్లార్చే చిన్న కూలర్ బిగించాను, డబ్బాను ఎగ్జాస్ట్‌కు దూరంగా జరిపాను. స్టీరింగ్‌ను చివరి వరకు తిప్పి అక్కడే నొక్కి పట్టుకునే అలవాటు కూడా మానుకున్నాను. పంపు మీద అన్నిటికంటే భారం పడేది అప్పుడే.

అపోహ: ఆయిల్ మట్టం సరిగా ఉంటే ఇంజిన్ క్షేమం.

ఆ కొలత కారు చదునుగా నిలబడి ఉన్నప్పటిది. దీర్ఘమైన జారుడులో ఆయిల్ సంప్‌లో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఒక పక్కకు చేరిపోయి, పీల్చే గొట్టానికి గాలి అందుతుంది. బేరింగులు పాడవడానికి కొన్ని క్షణాలు చాలు. సంప్‌లో అడ్డు రేకులు వేయించండి, మట్టాన్ని పై గీత దగ్గర ఉంచండి. పీడనం చూపే ముల్లు మాత్రమే సరిపోదు, మలుపులో మీ కళ్లు పక్క అద్దంలోంచి బయటకు చూస్తుంటాయి. పీడనం పడగానే కంటికి కొట్టినట్టు వెలిగే పెద్ద ఎర్ర దీపం కావాలి. ఏ ఇంజిన్ ఎంచుకుంటే దాని పేరుపడిన లోపం ముందే చదువుకోండి. బీఎండబ్ల్యూ ఎం50 తరహా ఇంజిన్లలో ఆయిల్ పంపు నట్టు వదులవుతుందని తెలిసినవాళ్లు కారు కట్టేటప్పుడే దాన్ని తీగతో కట్టేస్తారు. బీఎండబ్ల్యూ ఈ46 కారు కొన్నవాళ్లు వెనుక సబ్‌ఫ్రేమ్ (వెనుక సస్పెన్షన్‌ను మోసే చట్రం) బిగించే నేల రేకులో పగుళ్లు ఉన్నాయేమో ముందు చూస్తారు.

అపోహ: వెనుకకు ఏ పాత టైరైనా చాలు, ఎలాగూ కాలిపోయేదే.

చవక టైరు వేయండి, తప్పులేదు. కానీ వయసు చూడండి. టైరు పక్కన ఉండే గుర్తులో చివరి నాలుగు అంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. ఎండి పగిలిన టైరు పైపొర ఊడితే ఆ పట్టీ కొరడాలా తిరిగి బ్రేక్ గొట్టాలను, తీగలను, కొన్ని కార్లలో ఇంధనం నింపే గొట్టాన్ని కూడా చీల్చగలదు. రెండు పక్కలా ఒకే కొలత, ఒకే రకం వేయండి. మంచి టైర్లు ముందుకు దాచుకోండి, కారు ఎటు పోవాలో చెప్పేవి అవే.

అపోహ: బ్రేక్ ఆయిల్ పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ వేశాక తీగతో లాగే పాతది తీసేయవచ్చు.

తీయకండి. హైడ్రాలిక్ పీడనం నెమ్మదిగా సడలుతుంది, నిలిపిన కారు కదులుతుంది.

అపోహ: రోల్ కేజ్ ఉంటే అన్నీ ఉన్నట్టే.

రోల్ కేజ్ అంటే కారు బోల్తా పడితే లోపలివారిని కాపాడే ఇనుప గొట్టాల చట్రం. ఆ గొట్టం తలకు అందే చోట గట్టి ప్యాడింగ్ లేకపోతే, కాపాడవలసిన ఇనుమే గాయం చేస్తుంది. హెల్మెట్ లేకుండా ఆ కారులో రోడ్డెక్కకూడదు. రేసు బెల్టులను వెనుక నేలకు బిగించడం మరో తప్పు. భుజం పట్టీలు కిందికి లాగితే దెబ్బ తగిలినప్పుడు వెన్నెముక నలుగుతుంది. అవి భుజం నుంచి దాదాపు అడ్డంగా, మహా అయితే 20 డిగ్రీల వాలుతో వెనక్కి పోవాలి. మంటలార్పే సిలిండర్‌ను లోహపు పట్టీలతో బిగించి, బెల్టులు వేసుకుని కూర్చున్నాక చేయి అందుతుందో లేదో చూడండి. డిక్కీలో పెట్టిన సిలిండర్ చేతులు కాలాక పట్టుకునే ఆకు.

అపోహ: చెడితే చూసుకుందాం, నడుస్తున్నదాన్ని కదపవద్దు.

డ్రిఫ్ట్ కారుకు ఈ మాట అస్సలు పనికిరాదు. మొదటి చుట్ల తర్వాత చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో చూడాలి. చాలా కార్లకు 100 నుంచి 120 న్యూటన్ మీటర్లు, మీ కారు అంకె దాని పుస్తకంలో ఉంటుంది. కాలిన చక్రం చల్లారాక మళ్లీ చూడాలి. సస్పెన్షన్ బోల్టులన్నిటికీ బిగించిన వెంటనే తల నుంచి పక్క లోహం మీదకు రంగు గీత గీస్తాను. గీత విరిగి కనిపిస్తే బోల్టు కదిలినట్టే, స్పానర్ వేయకుండానే తెలుస్తుంది. డాట్ 4 బ్రేక్ ఆయిల్ ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. అందుకే పైకి శుభ్రంగా కనిపించినా ప్రతి కొన్ని ట్రాక్ డేలకు మార్చేస్తాను.

నా దగ్గర నూనె మరకలు పడిన ఒక నోటుపుస్తకం ఉంది. కారును ట్రైలర్ మీదకు ఎక్కించే ముందే అందులో రాస్తాను: టైరు గాలి చల్లగా ఎంత, వేడిగా ఎంత, ఇంజిన్ వేడి ఎన్ని డిగ్రీలున్నప్పుడు ఆగాను, ఏ చప్పుడు కొత్తగా వచ్చింది, ఎడమ మలుపులోనా కుడి మలుపులోనా. ఇంటికి చేరి స్నానం చేసేసరికి ఆ చప్పుడు ఏ వైపున వచ్చిందో గుర్తుండదు.