అరకు కాఫీ: పండు కొన్నవాడిదే పేరు

అడవులు నరికిన నేలలో పండిన సరుకును తమ మార్కెట్లోకి రానివ్వకూడదని ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన నిబంధన అమలు రెండుసార్లు వాయిదా పడింది. మొదట 2024 డిసెంబరు 30 అన్నారు, తర్వాత 2025 డిసెంబరు 30 అన్నారు. ఇప్పుడు పెద్ద, మధ్య తరహా సంస్థలకు 2026 డిసెంబరు 30, చిన్నవాటికి 2027 జూన్ 30. గడువు దగ్గరపడ్డప్పుడల్లా మన దగ్గర అరకు కాఫీ పేరు చర్చకొస్తుంది. ఏజెన్సీ రైతు అమ్మే గింజ ఏ తోటలో పండిందో ఐరోపా కొనుగోలుదారుకు చూపగలమా అన్నది ప్రశ్న. తోటలను యాప్‌లో నమోదు చేస్తే సరిపోతుందని అధికార వర్గాల ధీమా. ముందు భూమి కాగితం, కొనుగోలు పద్ధతి తేలాలని గిరిజన సహకార సంఘాల్లో పనిచేసినవాళ్ళు అంటారు. రెండో మాటను కొట్టిపారేయడం తేలిక కాదు. కారణం తెలియాలంటే పారిస్‌లో తెరిచిన అరకు కాఫీ దుకాణాన్నీ, జీ20 దేశాధినేతలకిచ్చిన కానుకల పెట్టెనూ కాసేపు పక్కన పెట్టి, పండు ఎవరి చేతిలో గింజవుతోందో చూడాలి.

తూర్పు కనుమలకు కాఫీ మొక్కలు తెచ్చిన బ్రిటిష్ దొర కథ అందరికీ తెలిసిందే. నేటి వివాదానికి పనికొచ్చే మొదటి మలుపు 1975 తర్వాతది. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పదేళ్ళలో సుమారు 4 వేల హెక్టార్లలో తోటలు వేసింది. 1985లో ఇదే పనికి ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ పెట్టారు. ఆ తోటలన్నిటినీ కుటుంబానికి రెండెకరాల చొప్పున గిరిజనులకే అప్పగించారు. 1997లో ఆ కార్పొరేషన్ సిబ్బంది సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో కలిసిపోయారు. కూర్గులో, చిక్కమగళూరులో ఎస్టేటు యజమాని ఉంటాడు, కూలీ ఉంటాడు. పాడేరు కొండల్లో కూలీయే యజమాని అయ్యాడు. దీనికి మినహాయింపూ పక్కనే ఉంది. 1960ల్లో అటవీశాఖ రిజర్వు ఫారెస్టులో వేసిన పదివేల ఎకరాలకు పైగా తోటలు 1985లో అటవీ అభివృద్ధి సంస్థకు వెళ్ళాయి. వాటిలో గిరిజనులు నేటికీ కూలీలే.

తోట చేతికొచ్చినా ధర మాత్రం రాలేదు. కాఫీ పండు కోసిన రోజే తోలు తీయాలి. రాత్రంతా గోనెసంచిలో ఉంచితే లోపలే పులిసి, గింజకు పుల్లటి కంపు పడుతుంది. అందుకే రైతు ఇంటి దగ్గరే చేతిమిల్లులో తోలు తీసి (దీన్నే పల్పింగ్ అంటారు), కుండలోనో తొట్టిలోనో నానబెట్టి, కడిగి, పరదా మీదో తారురోడ్డు అంచునో ఎండబెడతాడు. అలా పలుచటి పొట్టుతో ఎండిన గింజే పార్చ్‌మెంట్. మిల్లు పళ్ళ మధ్య దూరం సరిగా లేకపోతే గింజ చిట్లుతుంది. పండనివి, పండినవి కలిపి దూసి కోస్తే చేదు, వగరు వస్తాయి. తేమ పది, పదకొండు శాతానికి దిగకముందే సంచి కడితే బూజు పడుతుంది. ఇంత చేసి సంతకు తీసుకెళ్తే, షావుకారు గుప్పెడు గింజలు చేతిలో వేసుకుని చూసి ధర చెబుతాడు. శ్రద్ధగా చేసినవాడి సరుకూ, రోడ్డు మీద ఎండేసినవాడి సరుకూ ఒకే కుప్పలో పడతాయి. పైగా వర్షాకాలంలో ఇచ్చిన అప్పు ఉండనే ఉంటుంది, పంటతోనే తీరాలి.

షావుకారును తిట్టడం సులువే కానీ, ఆయన పద్ధతికి ఒక లెక్క ఉంది. వంద కిలోల పండుకు ఇరవై కిలోల పార్చ్‌మెంట్ వస్తుంది, దాన్ని మర పట్టిస్తే పదహారు కిలోల పచ్చిగింజ. ఏజెన్సీలో ఎకరాకు వంద కిలోల పైచిలుకు గింజ వస్తే గొప్ప. అంటే రెండెకరాల కుటుంబానికి సీజను మొత్తం మీద పన్నెండు, పదమూడు వందల కిలోల పండు. అదీ ఒక్కసారి రాదు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడు, నాలుగు కోతల్లో వస్తుంది. ఇవాళ ముప్పై కిలోలు, మరో పది రోజులకు నలభై. ఆ ముప్పై కిలోల కోసం ఘాట్ రోడ్డెక్కి బండి రావాలి, సాయంత్రంలోగా పల్పింగ్ కేంద్రం చేరాలి. పార్చ్‌మెంట్ అయితే నెల రోజులు అటక మీద ఉన్నా పాడవదు, డబ్బు అవసరమైనప్పుడు సంచి దించి అమ్ముకోవచ్చు. సులువు ఎటుందో వ్యాపారం అటే నడిచింది.

ఈ లెక్కను తిరగేసిందే అసలు మలుపు. 2007లో అరకు ప్రాంతంలో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయ సహకార సంఘం నమోదైంది. ఆ సంఘం పార్చ్‌మెంట్ వద్దని, ఎర్రగా పండిన పండే కొంటానంది. ఊరి దగ్గరే తూకం వేసి, రైతు పేరు రాసుకుని, అదేరోజు కేంద్రానికి తరలించడం మొదలుపెట్టింది. నీళ్ళలో వేస్తే తేలే పొల్లు కాయలను ఏరేయడం, పులియబెట్టే గంటలు చూసుకోవడం, నేలకు ఎత్తులో బల్లల మీద ఆరబెట్టడం అన్నీ ఒకేచోట, ఒకే చేతి కింద జరిగాయి. 2009 నుంచి ఏ ఊరి గింజ రుచి ఎలా ఉందో బయటి నిపుణులతో తాగించి పోటీ పెట్టారు. సంతలో కుప్పపోసిన గింజతో ఆ పోటీ అసాధ్యం. ఊరి పేరు సంచి మీద ఉంటేనే ఊరికి బహుమతి ఇవ్వగలరు.

తర్వాతవన్నీ దీని మీద కట్టినవే. ఫ్రెంచ్ సంస్థ డానోన్ తదితరుల డబ్బుతో నడిచే లైవ్లీహుడ్స్ ఫండ్ కార్బన్ క్రెడిట్ల (చెట్లు పీల్చుకునే కార్బన్‌కు కట్టే విలువ) లెక్కన అరకులో లక్షల చెట్లు నాటించింది. 2017లో పారిస్‌లో అరకు దుకాణం తెరిచారు. మరుసటి ఏడాది అక్కడే బంగారు పురస్కారం వచ్చింది. 2019లో కాఫీ బోర్డు చొరవతో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 సదస్సుకు వచ్చిన దేశాధినేతల కానుకల్లో అరకు కాఫీ పొట్లం చేరింది. 2024 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో మెచ్చుకున్నారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో స్టాళ్ళు వెలిశాయి. దేశం కాఫీ దిగుబడి మూడున్నర లక్షల టన్నులకు అటూ ఇటూ ఉంటే అందులో ఆంధ్ర వాటా ఐదు శాతం కూడా ఉండదు. అలాంటి పంట దౌత్యానికి కానుకగా పనికొచ్చిందంటే, గిరిజన రైతు, సేంద్రియం, కొండ అనే మూడు మాటలూ ఒక్క పొట్లంలో ఇమడడం వల్లే. ఆ పొట్లాన్ని ఎవరికిచ్చారో అందరికీ తెలుసు. అందులోని గింజకు రైతుకు కిలోకు ఎంత ముట్టిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ప్రభుత్వం వైపు నుంచి చెప్పాల్సింది లేకపోలేదు. 2015లో రూ.526 కోట్లతో పదేళ్ళ కాఫీ ప్రాజెక్టు పెట్టి, మార్కెటింగ్ బాధ్యత జీసీసీకి అప్పగించారు. జీసీసీ ముందుగా ధర ప్రకటించి సంతలోకి దిగాక షావుకారు కూడా ధర పెంచక తప్పలేదు. అప్పులు ఇచ్చింది, సొంత బ్రాండుతో పొడి అమ్మింది. చింతపల్లి వైపు ఐటీడీఏ సంఘం ద్వారా తక్కువ నీళ్ళతో నడిచే ఎకో పల్పింగ్ యూనిట్ వచ్చింది. ఇవన్నీ నిజమే. అయితే జీసీసీ కొనుగోళ్ళలో పార్చ్‌మెంట్‌దే పెద్ద పాత్ర. అంటే రైతుకు ధర దొరికింది, సరుకు ఏ తోటదన్న ఆనవాలు మాత్రం పాతదారిలోనే పోయింది. భౌగోళిక గుర్తింపు కూడా ఇక్కడ పెద్దగా సాయపడదు. అందులో పేర్కొన్న ప్రాంతం విశాఖ కొండలతో పాటు ఒడిశా వైపు కొండలనూ కలుపుకుంటుంది. అది పేరును కాపాడుతుంది, తోటను చూపించదు.

ఐరోపా అడిగేది తోటనే. నిబంధన ప్రకారం ప్రతి తోటకూ అక్షాంశ, రేఖాంశాలు ఆరు దశాంశ స్థానాల దాకా ఇవ్వాలి. నాలుగు హెక్టార్లు దాటిన కమతానికి సరిహద్దు గీత మొత్తం కావాలి, అంతకు తక్కువైతే ఒక్క బిందువు చాలు. ఇక్కడో చిత్రం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే సాగు పట్టాకు గరిష్ఠ పరిమితి కూడా నాలుగు హెక్టార్లే. కాబట్టి పట్టా భూమిలో కాఫీ వేసిన గిరిజన రైతుకు గీత గీసే బాధ లేదు. కానీ ఒక కుటుంబం తోట రెండు, మూడు ముక్కలుగా కొండకు అటూ ఇటూ ఉంటుంది, ప్రతి ముక్కకూ విడిగా బిందువు పెట్టాలి. కాఫీకి నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల కింద, లోయ అడుగున ఫోను జీపీఎస్ ఐదు, పది మీటర్లు తప్పు చూపడం మామూలే. అర ఎకరం ముక్క అంచున నిలబడి నొక్కితే బిందువు పక్కవాడి తోటలోనో రిజర్వు ఫారెస్టులోనో పడుతుంది. నమోదుకు వెళ్ళినవాళ్ళు తోట నడిమధ్యకు పోయి, కాస్త ఆకాశం కనబడే చోట రెండు నిమిషాలు ఆగి నొక్కాలి.

అంతకన్నా కఠినమైంది కలగలుపు మీద నిషేధం. ఆనవాలు తెలియని సరుకు ఒక్క సంచి కలిసినా లాటు మొత్తానికీ ఆ నిబంధన కింద దారి మూసుకుపోతుంది. యాప్‌లో ఎన్ని వేల తోటలు నమోదు చేసినా, సంతలో పార్చ్‌మెంట్ ఒకే కుప్పలో పడితే నమోదు వృథా. ఊరి దగ్గర పండు కొని పేరు రాసుకునే సంఘానికి ఈ పని దాదాపు పూర్తయినట్టే. యాప్ ముందా కొనుగోలు పద్ధతి ముందా అన్న వాదనలో అసలు విషయం ఇదే. భారతదేశాన్ని 2025 మే నెలలో ఐరోపా ‘తక్కువ ముప్పు’ దేశాల జాబితాలో చేర్చింది. దానివల్ల తనిఖీలు తగ్గుతాయి, బిందువులు ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం తప్పదు.

2025 వర్షాకాలంలో అరకు లోయలో కాయతొలుచు పురుగు కనబడినప్పుడూ ఇదే చిక్కు ఎదురైంది. దేశంలో 1990లో నీలగిరుల్లోని గుడలూరు దగ్గర మొదట దొరికిన ఈ పురుగు కాయ కొనకు గుండుసూది మొనంత రంధ్రం చేసి లోపల గుడ్లు పెడుతుంది. కోత తర్వాత చెట్టు మీద, నేల మీద మిగిలిన కాయల్లో బతికి మరుసటి పంటకు దిగుతుంది. పురుగు పట్టిన కాయలు, వాటిని మోసిన గోనెసంచుల ద్వారా ఊరూరూ తిరుగుతుంది. రాలిన కాయలు ఏరడం, పట్టినవాటిని రెండు, మూడు నిమిషాలు మరిగే నీళ్ళలో ముంచడం, ఎర బుట్టలు కట్టడం అందరికీ తెలిసిన మందే. ఏ సంచి ఏ ఊరి నుంచి వచ్చిందో తెలిస్తే పురుగు ఎక్కడిదాకా పాకిందో గంటలో చెప్పొచ్చు. తెలియకపోతే మండలమంతా వెతకాలి.

ఇక మిగిలింది తేదీల ముడి. 2020 డిసెంబరు 31 తర్వాత అడవిని సాగులోకి మార్చిన నేల పంటను ఐరోపా ఒప్పుకోదు. చెట్ల నీడలో పెంచే పంటనూ అది సాగుగానే చూస్తుంది. అటవీ హక్కుల పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ నేల గిరిజనుడి ఆధీనంలో ఉండాలి. కాబట్టి పోడు నేలలో పట్టా ఉన్న తోటకు ఆ కాగితమే సగం సాక్ష్యం. పట్టా అర్జీ తిరస్కరించినవాళ్ళకూ, కార్యాలయంలోనే పెండింగులో ఉన్నవాళ్ళకూ ఆ సాక్ష్యం లేదు. వాళ్ళ తోట ఎన్నేళ్ళ నాటిదైనా ఉపగ్రహ చిత్రంలో అడవిలాగే కనిపిస్తుంది. 2015 నాటి ప్రాజెక్టు లక్ష ఎకరాల కొత్త తోటలు లక్ష్యంగా పెట్టుకుని పదేళ్ళు నడిచింది. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్ళు పడుతుంది. 2021, 2022లో నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే పండు ఇస్తున్నాయి, ఆ పండు పాత తోటల పండుతో అదే పరదా మీద ఎండుతోంది. వాటిలో ఎన్ని పోడు నేలలో ఉన్నాయి, ఎన్ని అడవి చెట్ల కింద ఉన్నాయి అన్న లెక్క వచ్చే కోతలోపు తీయాల్సింది ఐటీడీఏ, అటవీశాఖలే.