గైడు మూసి పద్యం తెరవండి

కడప

చిరంజీవులైన మన వీధి పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. నిన్న సాయంత్రం మా అరుగు మీద కూర్చుని మీరంతా ఇంగ్లీషు పద్యం సారాంశాన్ని గైడులోంచి వల్లె వేస్తుంటే విన్నాను. అంతసేపూ పాఠ్యపుస్తకం సంచిలోనే ఉంది. అడిగితే, "పరీక్షకు సారాంశం చాలు తాతయ్యా" అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పినవాణ్ని. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

మన ఊళ్లో ఒకప్పుడు దీనికి సరిగ్గా ఎదురుగా నడిచిన విద్యార్థి ఉండేవాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో, ఇరవై రెండేళ్లు నిండకముందే, ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. తెలుగు ఆయనకు పరాయి భాష, మీకు ఇంగ్లీషు ఎలాగో అలాగే. ఆయన వేమన పద్యాల రాతప్రతులు వెతికి తెప్పించుకున్నాడు, పండితులను పక్కన కూర్చోబెట్టుకుని పాఠాలు పోల్చి చూశాడు, 1829లో ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చు వేయించాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది 1852లో. పద్యాలు ముందు, నిఘంటువు తర్వాత! ఆ నిఘంటువులో ఎన్నో మాటలకు కావ్యాల నుంచే ప్రయోగాలు చూపించాడు. మాట అర్థం పద్యంలో దాని పక్కనున్న మాటల వల్ల తెలుస్తుందని ఆయనకు అనుభవం.

ఇక మీకు ఇంగ్లీషు పద్యం ఎందుకు కొరకరాని కొయ్యగా ఉంటుందో చెబుతాను. "పిల్లి ఎలుకను పట్టింది" అన్నా, "ఎలుకను పిల్లి పట్టింది" అన్నా మనకు అర్థం మారదు. 'ను' అనే విభక్తి కాపలా కాస్తుంది. ఇంగ్లీషుకు కూడా వెయ్యేళ్ల కిందట ఇలాంటి ప్రత్యయాలు ఉండేవి. నామవాచకాలకు అవి చాలావరకు అరిగిపోయాయి కాబట్టి ఇప్పుడు మాట నిలబడిన చోటే పట్టినదెవరో, చిక్కినదెవరో చెబుతుంది. కవి మాత్రం లయ కోసం ఆ చోట్లను తారుమారు చేస్తాడు. అక్కడే మీరు తడబడతారు. ముందు క్రియను పట్టుకోండి. ఆ పని ఎవరు చేశారని అడగండి. మన పద్యానికి అన్వయం చెప్పుకోవడం మీకు తెలుసు కదా, ఇదీ అదే.

అసలు రుచి లయలో ఉంది. మన ఛందస్సు లఘువు, గురువు అని కాలాన్ని కొలుస్తుంది. ఇంగ్లీషు పద్యం ఊనికను, అంటే ఒత్తి పలకడాన్ని, లెక్కపెడుతుంది. 'రికార్డ్' అనే మాటనే తీసుకోండి. మొదటి అక్షరాన్ని ఒత్తి పలికితే అది నామవాచకం, రెండోదాన్ని ఒత్తితే క్రియ. రాతలో రెండూ ఒకటే, వేరు చేసేది గొంతు. షేక్‌స్పియర్ సానెట్‌లో సాధారణంగా 14 పాదాలు, పాదానికి పది అక్షరాలు, ఒకటి తేలిగ్గా, ఒకటి బరువుగా అడుగు వేస్తూ ఐదు ఊనికలు ఉంటాయి. కవి ఎక్కడైనా ఆ అడుగు తప్పించాడంటే అక్కడ ఏదో ఉంది, ఆగి వినాలి. ఈ సంగతి సారాంశంలో దొరకదు. నేనూ తొమ్మిదో తరగతి వరకు పద్యాన్ని కళ్లతోనే చదివాను. ఒకరోజు ఎవరూ లేని మిద్దె మీద గట్టిగా చదివితే, అరచెయ్యి దానంతట అదే తొడ మీద తాళం వేసింది. ఆ సంతోషం ఇప్పటికీ నాలో ఉంది, మీకూ అందాలని నా ఆరాటం.

అక్షరక్రమం చూసి బెంగపడకండి. ఇంగ్లండులో 1476లో అచ్చుయంత్రం వచ్చాక రాత క్రమంగా స్థిరపడింది, పలుకుబడి మాత్రం మారుతూనే పోయింది. వీరుడు అనే అర్థమున్న 'నైట్' (knight) అనే మాట ముందున్న 'కె'ను ఒకప్పుడు నిజంగానే పలికేవారు. ఆ భాష మన దగ్గరా మాటలు పుచ్చుకుంది. వాళ్ల 'బాండికూట్' మన పందికొక్కే!

ఆదివారం పొద్దున పది గంటలకు ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయం దగ్గరికి రండి. ఆయన బంగళా ఉండిన చోటే అది. లోపల అందరూ చదువుకుంటుంటారు కాబట్టి మనం బయట చెట్టు కింద కూర్చుందాం. పాఠ్యపుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి. ఊనిక పడిన చోటల్లా గీత పెడుతూ ఒక్క పద్యమే చదువుదాం.

మీ తాతయ్య