ఎర్రమంజిల్: అసలు మలుపు 2015 డిసెంబరు 7

హైదరాబాద్‌లోని పాత నవాబు మేడ ఎర్రమంజిల్‌ను ఏం చేయాలన్న చర్చ ఎప్పుడు లేచినా అందరూ 2019 జూన్ దగ్గరే మొదలుపెడతారు. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని పడగొట్టాలన్న తెలంగాణ క్యాబినెట్ నిర్ణయం, అదే నెల 27న భూమిపూజ, సెప్టెంబరులో హైకోర్టు తీర్పు. నవాబు ఫఖ్రుల్ ముల్క్ ఊరి బయట గుట్ట మీద కట్టించుకున్న వైభవం, నూటయాభైకి పైగా గదులు, గోల్ఫ్ మైదానం, గుర్రపుశాలలు... ఇవి అందరూ ఎన్నోసార్లు చదివినవే. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది 2015 డిసెంబరు 7న వచ్చిన జీవో 183. గొడవకు మూలం అందులో ఉంది.

హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) 1981 జోనింగ్ నిబంధనల్లో, అంటే ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే నియమాల్లో, 13వ నిబంధన అని ఒకటుండేది, 1995లో చేర్చారు. జాబితాకెక్కిన కట్టడాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా, మరమ్మతు చేయాలన్నా, చివరికి రంగు వేయాలన్నా హుడా వైస్ చైర్మన్ ముందస్తు అనుమతి ఉండాలి. ఆయన అనుమతి ఇచ్చేముందు వారసత్వ పరిరక్షణ కమిటీ సలహా తీసుకోవాలి. అంటే పలుగు పడకముందే ఫైలు ఒకచోట ఆగుతుంది, కట్టడాల సంగతి తెలిసినవాళ్లు దాన్ని చూస్తారు. ఎర్రమంజిల్ ఆ జాబితాలో ఉంది.

జీవో 183 ఆ నిబంధననే తీసేసింది. దాని స్థానంలో మరొకటి పెట్టి తీసేస్తే అది వేరే మాట. వారసత్వ చట్టం వచ్చింది 2017లో. వచ్చాక చూస్తే అందులోని జాబితాలో ఎర్రమంజిల్ లేదు. పాత జాబితా రద్దయింది, కొత్త జాబితాలో పేరు లేదు కాబట్టి ఈ భవనానికి చట్టపరంగా ఏ రక్షణా లేదన్నది 2019లో ప్రభుత్వం వినిపించిన ప్రధాన వాదన. ఆ వాదన పుట్టడానికి వీలు కల్పించింది 2015 నాటి ఆ ఉత్తర్వే. భవనం పాతబడింది, వాడకానికి పనికిరాదు, అసెంబ్లీకి చోటు కావాలి అన్నవి మిగతా కారణాలు.

నవాబు వారసులు కొందరు, వారసత్వ కార్యకర్తలు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరు 16న ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎస్. చౌహాన్, జస్టిస్ షమీమ్ అఖ్తర్‌ల ధర్మాసనం క్యాబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది. కూల్చివేత ఆగింది. కానీ కేసు నడిచింది కూల్చాలన్న నిర్ణయం మీదే. కప్పు ఎవరు బాగుచేయాలి, ఎప్పుడు చేయాలి అన్నది మళ్లీ పాలకుల చేతుల్లోనే ఉండిపోయింది. అందుకే ‘శిథిలం’ అన్న మాట తిరిగి తిరిగి వస్తోంది. దాన్ని కాస్త విప్పి చూడాలి.

ఆ కాలపు మేడలు సున్నంతో నిలబడ్డవి. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో విరిచి, గుంటలో వారాల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా తిప్పేవారు. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ల ఇసుక. బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు పోసేవారు. ఎర్రమంజిల్ ముఖభాగంలో కనిపించేలాంటి లతలు, తోరణాల సున్నపు పనిని పలచని పూతలుగా, ఒకటి బిగిశాక మరొకటి వేస్తూ తీసుకొచ్చేవారు. ఇలాంటి గోడ తేమ పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. దాని ఆయుష్షు అంతా ఆ వదిలేయడంలోనే ఉంది.

ఆఫీసుల చేతికొచ్చాక ఇలాంటి కట్టడాలకు జరిగే మొదటి అపకారం సిమెంటు పూత. పెచ్చు ఊడినచోట సిమెంటు మెత్తుతారు. బయటికి పోవాల్సిన తేమ దాని వెనకే చిక్కుకుంటుంది. అందులోని లవణాలు స్ఫటికాలై పాత సున్నాన్ని పిండి చేస్తాయి. రెండు మూడు వానాకాలాలకు సిమెంటు ముక్క పాత సున్నాన్ని కూడా వెంటబెట్టుకుని పలకలుగా రాలుతుంది. చూసేవాళ్లకు అది గోడ వయసు తప్పులా కనిపిస్తుంది.

రెండోది కప్పు. నీళ్లు పోయే గొట్టాలు ఆకులతో పూడితే మేడ మీద నీరు నిలుస్తుంది, కప్పులోని ఇనుప దూలానికి తడి చేరుతుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న ఇటుకను చీలుస్తుంది. ఆ పైన నీళ్ల ట్యాంకు. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. కింద గదుల్లో గోడలవారీగా పేర్చిన ఫైళ్ల బరువును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మూడోది గోడ సందుల్లో మొలిచే రావి మొక్క. దాన్ని పైపైన కోసేస్తే మరింత గుబురుగా వస్తుంది. వేరుదాకా తవ్వి చంపి, ఆ సందులోకి పలచని సున్నపు ముద్ద ఎక్కించాలి.

ఎర్రమంజిల్‌లో దశాబ్దాలపాటు నడిచినవి రోడ్లు, భవనాల శాఖ కార్యాలయాలు. రాష్ట్రమంతటా ప్రభుత్వ కట్టడాల బాగోగులు చూసే శాఖ అది!

ఇంతకీ పడిపోతుందా? చూసి చెప్పే ప్రశ్న కాదు, కొలిచి చెప్పేది. పగుళ్ల మీద గాజు పలకలు అతికించి కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గమనించాలి. పలక విరగకపోతే ఆ పగులు పాతది, కదలడం లేదు. గోడ నిలువు తప్పిందేమో గుండు దారంతో చూడాలి. పూతను తట్టి డొల్ల మోగేచోట్లను పటం మీద గుర్తించాలి. దూలం చివర గోడలో దిగే చోటును తెరిచి చూడాలి, తుప్పైనా చెదలైనా మొదలయ్యేది అక్కడే. పెచ్చులూడిన గది ఫొటోలు ఈ పనికి పనికిరావు.

కొలతలు వచ్చాక పనికి ఒక వరస ఉంది. ముందు మొక్కలు, నీటి గొట్టాలు, కప్పు. తర్వాత ట్యాంకులు దించడం, కారే మరుగుదొడ్ల గొట్టాలు తీసేయడం. గోడలు ఆరడానికి వదిలేయాలి, అందుకు నెలలు పట్టవచ్చు. ఆ తర్వాతే సిమెంటు ఒలిచి సున్నం వేయడం, అన్నిటికన్నా చివర నగిషీ పని. రంగు కూడా సున్నమే కావాలి, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే తేమ మళ్లీ లోపలే ఉండిపోతుంది. టెండర్లలో సాధారణంగా మొదట కనిపించే పద్దు మాత్రం రంగులు.